బావిలో పడ్డ భూపతి

"మావయ్యా, కొత్త రూల్స్‌లో మీ భూపతి అప్పుడే చావడు," అంటూ సుమశ్రీ పాచికను జయప్రకాశ్ ముందుకు జరిపింది. "బావిలో పడ్డాక కూడా మూడుసార్లు వెయ్యొచ్చు. ఒక్కసారి నాలుగు దాటినా బతికినట్టే."

ముప్పై ఏళ్ల కిందట హాస్టల్లో ఆమె తండ్రి వెంకటరమణమూర్తి కథ నడిపిస్తుంటే, స్నేహితులు తలా ఒక పాత్రగా ఆడిన ఆట అది. ఒక్కసారి పాచిక పడ్డంతో జయప్రకాశ్ ఆడే భూపతి బావిలో పడి చచ్చిపోయాడు. జయప్రకాశ్ లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఆట ఊసెత్తలేదు. ఈమధ్య ఆ ఆట సామాన్లున్న పాత పెట్టె దొరికితే సుమశ్రీ రూల్స్ తిరగరాసి, అనకాపల్లిలో తమ బెల్లం కొట్టు మేడమీద ఇద్దరినీ కూర్చోబెట్టింది.

జయప్రకాశ్ వేశాడు. రెండు పడింది. మళ్లీ వేశాడు. ఒకటి.

మూడోసారి వెయ్యబోతుంటే మూర్తి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వెయ్యకు బావా. ఆ రోజు పుస్తకం చాటున నేను వేస్తే నీకు ఆరు పడింది. ఒకటని చెప్పేను."

"ఎందుకు నాన్నా?" అంది సుమశ్రీ.

"కథంతా నేను కట్టేను. అందరూ ఈడి భూపతినే మెచ్చుకునేవోరు."

"తెలుసు," అన్నాడు జయప్రకాశ్. "నీ వెనక కిటికీ అద్దంలో ఆరు కనపడింది."

మూర్తి చెయ్యి వదిలేశాడు. "మరప్పుడే అడగలేదేటి?"

"నువ్వే చెప్తావని చూసేను. బాగా లేటు చేసేవు."

జయప్రకాశ్ సుమశ్రీ వైపు తిరిగాడు.

"భూపతి బతికే ఉన్నాడమ్మా. బావిలోంచి పైకి రావాలంటే ఎంత పడాలో చెప్పు."