మలుపు దగ్గర గొడుగు

ఆ మనిషి ఇవాళ కూడా మలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అమ్మాయికి గుండె ఝల్లుమంది.

వాన లేదు. ఎండా ఇంకా ముదరలేదు. అయినా ఆ పెద్దాయన చేతిలో మడిచిన గొడుగు. ముఖం ఏటవాలు రోడ్డు పైకి, సరిగ్గా ఆమె వైపే.

ఆమె కాళ్ళ కింద కొత్త లాంగ్‌బోర్డ్ ఉంది. స్కేట్‌బోర్డుకి అక్కయ్య లాంటిది, కాస్త పొడుగు, కాస్త నిదానం. చెట్లన్నీ చిగురేసిన ఈ రోజుల్లో, షాపు తెరిచేలోపు పార్కు గుట్ట మీంచి దాని మీద జారుతూ రావడం ఆమెకి కొత్తగా పట్టిన పిచ్చి.

"బిగుసుకుపోతే పడతావమ్మా. నోరు ఆడుతుంటే మోకాళ్ళు వదులుగా ఉంటాయి. ఏదో ఒకటి పాడుకో," అని చెప్పాడు బోర్డు అమ్మినాయన.

పాడటం ఆమె వల్ల కాదు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన వసంతం కవిత ఒకటి వచ్చు. దాన్నే గొంతెత్తి చదువుతూ దిగేది.

"చిగురా చిగురా, నిన్నెవరు లేపారు?
కొమ్మ తట్టిందా, గాలి పిలిచిందా?
పూలన్నీ లేచాక నేనూ లేచాను,
దారివ్వండి, నేనూ వస్తున్నాను!"

కవిత అయిపోయేసరికి మలుపు వచ్చేది.

అక్కడ పొదలు గుబురుగా పెరిగి అవతల ఏమొస్తోందో కనపడదు. మొదట్లో ఆ చోట ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది. కానీ ఎదురుగా ఒక్క బండి వస్తే ఒట్టు. మలుపు తిరిగాక ఎప్పుడైనా ఓ వ్యాను పక్కన ఆగి ఉండేది, అంతే.

హమ్మయ్య, ఆ భయం తీరిందనుకుంటే ఈ మనిషి భయం పట్టుకుంది.

కొట్టబోతున్నట్టు గొడుగెత్తి నిలబడ్డ ఆయన్ని తల వంచుకుని దాటేస్తుంది. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, ఆయన ముఖం ఇంకా గుట్ట వైపే ఉంటుంది.

"అమ్మో, ఏం మనిషో ఏమో!" అనుకునేది.

ఇవాళ ఆయనకి వినపడకూడదనుకుంది. కవిత పెదాల మీదే గొణుగుతూ దిగింది.

ఉన్నట్టుండి ఆయన గొడుగెత్తి అరిచాడు.

"గట్టిగా చదువు తల్లీ! నాకు వినపడాలి!"

 ఆమె తడబడి కాలు నేలకానించి, బోర్డు చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే, "నిన్ను చూసే ధైర్యం ఎవరికుందే?" అని నవ్వాడు అన్నయ్య.

చెల్లెలి కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు ఆపేశాడు.

"రోజూ గుడ్లప్పగించి చూస్తాడన్నయ్యా!"

"నీ భ్రమేమో?"

"పొద్దస్తమానం జనం కళ్ళు చూడటమే నా పని. చూపంటే ఏంటో నాకు తెలీదా?"

మర్నాడు పొద్దున్నే అన్నయ్య పార్కు వాచ్‌మన్‌కి విషయం చెప్పాడు. వాచ్‌మన్ ఈమధ్యే పనిలో చేరాడు. కొత్త కదా, హుషారు మీదున్నాడు. సగం దూరం దిగి అక్కణ్ణుంచే అందుకున్నాడు.

"ఏయ్ పెద్దమనిషీ! ఆడపిల్లల్ని చూడ్డానికి వస్తున్నావా? మళ్ళీ ఇక్కడ కనపడ్డావంటే పోలీసుల్ని పిలుస్తా!"

"అది కాదు బాబూ, ఈ మలుపులో..."

"మాటలొద్దు, కదులు!"

 ఆయన గొడుగు కొన పార్కు గోడకి రాసుకుంటూ మెల్లగా వెళ్ళిపోయాడు.

పైనుంచి చూస్తున్న ఆమె గుండె కుదుటపడింది.

"పీడ విరగడైంది. రేపట్నుంచి హాయిగా జారుకో," అన్నాడు అన్నయ్య.

మర్నాడు మలుపు దగ్గర ఎవరూ లేరు.

ఎన్నాళ్ళకో ఊపిరి నిండా పీల్చుకుంది. రాలిన పూల మీంచి చక్రాలు మెత్తగా దొర్లుతున్నాయి. సంతోషం పట్టలేక గుట్టంతా మోగేలా చదివింది.

"దారివ్వండి, నేనూ వస్తున్నాను!"

మలుపులో ఎదురుగా బ్రెడ్డు వ్యాను.

బ్రేకులు కీచుమన్నాయి. ఆమె పొదల్లోకి దూకేసింది. బోర్డు టైరు కింద పడి రెండు ముక్కలైంది. చెయ్యి విరిగిందని ఆ నొప్పికే తెలిసిపోయింది.

డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చి ఆమెని లేపి కూర్చోబెట్టాడు, మూల ఇంట్లోంచి నీళ్ళు తెచ్చి తాగించాడు.

"మలుపులో హారన్ కొట్టక్కర్లేదా?" అంది ఏడుస్తూ.

"ఎప్పుడూ అవసరం పడలేదమ్మా. మీ గొంతు వినపడగానే ఆ తాతగారు గొడుగెత్తేవారు. మేం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. మీరు దాటాకే దించేవారు. ఇవాళ గొడుగు లేవలేదు, ఎవరూ రావట్లేదనుకుని వచ్చేశాను."

ఆమె లేచి నిలబడింది. విరిగిన చేతి నొప్పి కూడా కాసేపు తెలియలేదు.

"ఆయన ఇల్లెక్కడ? కాళ్ళ మీద పడతాను."

"నీళ్ళు తెచ్చానే, ఆ మూల ఇల్లే, చిన్నకూతురి దగ్గర ఉండేవారు. ఆవిడే ఇందాక చెప్పింది. నిన్నెవరో నానా మాటలూ అన్నారట పాపం. సాయంత్రమే పెద్దకూతురు వచ్చి వాళ్ళ ఊరు తీసుకెళ్ళిపోయింది. ఇక రారట."

"ఆయన రోజూ నన్నే చూస్తుంటే... భయపడ్డానండీ..."

డ్రైవరు తెల్లబోయాడు.

"చూడటమేంటమ్మా? ఆయనకి పుట్టుకతోనే రెండు కళ్ళూ కనపడవు."