కన్నాల స్వెట్టరు

"రోహిణీ కార్తెలో స్వెట్టరు అల్లేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా!" అంది పుల్లమ్మ.

షెడ్డులో అందరూ నవ్వారు.

అది మిషను ఆసుపత్రిలో, రోగులకి తోడు వచ్చినవాళ్ళు వండుకుని తినే రేకుల షెడ్డు. మూల స్తంభానికి చేరబడి కూర్చున్న ముసలామె కూడా నవ్వింది. చేతిలో సూదులు మాత్రం ఆగలేదు.

ఆమె పేరు దేవకుమారి. మెడ దాకా బొత్తాలు, మణికట్టు దాకా చేతులు ఉన్న తెల్ల జాకెట్టు. పక్కనే నీళ్ళ ముంత. ఉండుండి తువ్వాలు తడిపి తలమీద వేసుకునేది.

"ఇది ఉన్నిది కాదమ్మా, నూలుదే. ఎండాకాలానికే."

"ఎండాకాలానికి స్వెట్టరేమిటి! మా పొదిలిలో వింటే నవ్విపోతారు. అయినా నీకేంలే, అదృష్టవంతురాలివి. మేం ఇక్కడ చెమటతో తడిసిపోతుంటే నీ జాకెట్టు మీద చుక్క తడి లేదు."

"దేవుడు అలా పెట్టాడు" అంది దేవకుమారి.

"ఇంతకీ నీవాళ్ళు ఏ వార్డులో ఉన్నారు?"

"అన్ని వార్డుల్లోనూ ఉన్నారమ్మా."

పుల్లమ్మ పక్కనున్న మల్లేశ్వరి వైపు తిరిగి, తల దగ్గర వేలు తిప్పి చూపించింది.

మల్లేశ్వరికి నవ్వు రాలేదు. ఆమె చీరాల నుంచి వచ్చి పంతొమ్మిది రోజులు. నూలుకి రంగు కాచే బాన ఒరిగి, మరిగే నీళ్ళు కూతురు రమణమ్మ వీపు మీద, భుజాల మీద పడ్డాయి. పుండ్లు మానుతున్నాయి. కాని జాకెట్టు తొడిగితే కొత్త చర్మం దానికి అతుక్కుని ఊడి వస్తోంది. పదిహేడేళ్ళ పిల్ల, జాకెట్టు లేకుండా నలుగురిలోకి ఎలా వస్తుంది? వెదురు చట్రం మీద కప్పిన దుప్పటి కింద బోర్లా పడుకునే ఉంది.

గురువారం నుంచి లేపి నడిపిస్తూ చేతులు ఆడించకపోతే భుజాలు బిగుసుకుపోతాయని డాక్టరమ్మ చెప్పింది. భుజాలు బిగుసుకుంటే మగ్గం మీద ఇక చెయ్యి ఆడదు.

"మీ అమ్మాయి భుజాలు ఎంత వెడల్పుంటాయి తల్లీ?" అని ఓ పొద్దున అడిగింది దేవకుమారి, కొలిచే తాడు తీస్తూ.

మల్లేశ్వరికి అనుమానం వచ్చింది. బట్టలిచ్చి మెల్లగా మతంలో కలిపేస్తారని వీధిలోవాళ్ళు చెప్పి పంపారు.

"మేం నేసేవాళ్ళం పెద్దమ్మా. మా పిల్లకి ఒకరి బట్టలు అక్కర్లేదు."

"సరేనమ్మా."

తాడు సంచీలో పెట్టేసింది. మళ్ళీ అడగలేదు.

ఆ మాట కటువుగా వచ్చిందని మల్లేశ్వరికి మధ్యాహ్నానికే అనిపించింది. ముసలామె చేతులకేసి చూస్తూ కూర్చుంది. వరసకి అయిదారు కన్నాలు! చీరాలలో చీరెకి ఒక్క కన్నం కనిపిస్తే షావుకారు వెనక్కి విసిరేస్తాడు.

"పాపం, చూపు ఆనడం లేదే" అంది పుల్లమ్మతో. "అడుగడుక్కీ కుట్టు జారిపోతోంది."

"స్వెట్టరు కాదులే, చేపల వల!"

ఆదివారం దేవకుమారి చర్చికి వెళ్ళింది. సంచీ స్తంభం దగ్గరే ఉంది. ఒక చెయ్యి తప్ప స్వెట్టరంతా అయిపోయింది.

తెగిన పోగుని జాడ తెలియకుండా అతకడం మల్లేశ్వరి ఇంట్లో మల్లేశ్వరి పనే. సూది తీసింది. అన్నం సంగతి కూడా మరిచిపోయి, మిగిలిన నూలుతో ఒక్కొక్క కన్నమే మూసుకుంటూ వచ్చింది.

సాయంత్రం దేవకుమారి వచ్చి, స్వెట్టరుని వెలుతురుకి ఎత్తి పట్టింది. ఎక్కడా వెలుతురు దూరలేదు.

"అన్నీ మూసేశాను పెద్దమ్మా" అంది మల్లేశ్వరి సంబరంగా. "మొన్న దురుసుగా అన్నాను. మనసులో పెట్టుకోకండి."

దేవకుమారి ఏదో అనబోయింది. మల్లేశ్వరి మొహం చూసి ఆగింది.

"ఎంత మంచి చెయ్యమ్మా నీది! ఎక్కడ అతికావో నాకే తెలియడం లేదు."

"నూలే మొత్తం అయిపోయింది."

"నూలుదేముంది, రేపు తెచ్చుకుంటాను."

నూలు కొట్టు మైలు దూరం. పదకొండు దాటితే గాని తెరవరు, ఒంటిగంటకల్లా కట్టేస్తారు. మర్నాడు తువ్వాలు తడిపి తలమీద వేసుకుని, ఆమె ఒక్కతే నడిచి వెళ్ళింది.

రెండింటికి జట్కాలో తెచ్చి దింపారు. వడదెబ్బ. కొత్త నూలు చుట్ట గుప్పిట్లో అలాగే ఉంది.

దీపాలు పెట్టేవేళకి ప్రాణం పోయింది.

నర్సు కళ్ళు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది.

"ఆ ఒంటికి చెమట పట్టదు, ఎండలోకి వెళ్ళొద్దని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఏం కొంపలంటుకున్నాయని వెళ్ళింది?"

 నర్సు దేవకుమారి సంచీలోంచి స్వెట్టరు తీసి మల్లేశ్వరికి ఇచ్చింది.

"ఇది మీ రమణమ్మది. కొలతలు నేనే తీసిచ్చాను. ఒక చెయ్యి తక్కువైనా గురువారం ఇదే తొడగండి. చర్మానికి అతుక్కోదు. గాలి ఆడాలని ఆవిడ ఇలా కన్నాలు కన్నాలుగా..."

నర్సు వేళ్ళతో స్వెట్టరుని తడిమి చూసింది.

"కన్నాలేవి?"

మల్లేశ్వరి సూది తీసింది. ఒక పోగు లాగింది. ఒక కన్నం తెరుచుకుంది. ఇంకో పోగు లాగింది. ఏ పోగు ఎక్కడ ముడిపడిందో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఆవిడకి ఎవరూ లేరు" అంది నర్సు. "స్నానం చేయించాలి. ఎవరైనా ఓ చెయ్యి వేస్తారా?"

పుల్లమ్మ తల దించుకుంది. మల్లేశ్వరి స్వెట్టరు మడిచి పెట్టి లేచింది.

తెల్ల జాకెట్టు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది.

లోపల, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పలచబడిన ఒక కన్నాల స్వెట్టరు ఉంది. దాని ప్రతి కన్నంలోంచీ, రమణమ్మ వీపులాగే, కాలి మానిన చర్మం కనిపించింది.