రెండో తెర

“పది నిమిషాలే ఉన్నయి. గీ దరిద్రపు మానిటర్ల గూడ నా మొహమే కనిపిస్తున్నదేందే?” అభిలాష్ అరిచాడు.

భర్త ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో విజిల్ వేస్తుందేమోనని జ్యోతిక కుక్కర్ కింద స్టవ్ ఆర్పి వచ్చింది.

“డూప్లికేట్ల ఉన్నది. లాప్‌టాప్‌ల ఏముంటే అండ్ల గూడ అదే కనబడ్తది. ఎక్స్‌టెండ్ చెయ్యాలె.”

“గదంత నాకెందుకు? జల్దీ చెయ్యి.”

ఆమె విండోస్ బటన్, పి కలిపి నొక్కి, ఎక్స్‌టెండ్ ఎంచుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మానిటర్ ఒకసారి నల్లబడి, ఖాళీగా వెలిగింది. నోట్‌ప్యాడ్‌ను అందులోకి జరిపి అక్షరాలు పెద్దవి చేసింది.

“ఇగ చూడు. కాల్ లాప్‌టాప్‌ల ఉంటది. నేను టైప్ చేసేది పెద్ద తెర మీద పడ్తది. ఇంటర్వ్యూ చేసే సార్ స్క్రీన్ షేర్ చెయ్యమంటే లాప్‌టాప్ స్క్రీన్ మాత్రమే చెయ్యి. పెద్దది ఆయనకు కనబడదు.”

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినా అభిలాష్‌కు చెమట ఆరలేదు. చదివేటప్పుడు చూపు పక్కకు పోతే దొరికిపోతాడని, మానిటర్‌ను బియ్యం డబ్బా మీద సరిగ్గా లాప్‌టాప్ వెనకే నిలబెట్టింది కూడా ఆమే.

వైర్‌లెస్ కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, కెమెరాకు అందకుండా గోడవారగా కింద కూర్చుంది.

“అభీ, ఒక్క మాట. రెండు పోస్టులున్నయి గద. మొన్న నేను గూడ రెజ్యూమె పంపిన. మూడేండ్ల గ్యాప్ చూసి ఎవ్వరు పిలుస్తలేరు. సార్ మంచిగ మాట్లాడితే జర నా సంగతి గూడ చెప్పు. ఒక్కసారి పిలిస్తే చాలు, మిగిలింది నేను చూసుకుంట.”

“సరే, చెప్త. ముందు నన్ను గట్టెక్కియ్యి.”

పాప పుట్టాక మానేసింది గానీ, అంతకుముందు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి జ్యోతిక. అభిలాష్ టెస్టింగ్ చేసింది రెజ్యూమెలో మాత్రమే.

సరిగ్గా పదకొండింటికి లాప్‌టాప్‌లో మల్లికార్జునరావు ముఖం కనిపించింది. మాటలో కోస్తా యాస, మనిషిలో మర్యాద.

“మొదలుపెడదామాండీ? స్మోక్ టెస్టింగ్‌కీ రిగ్రెషన్ టెస్టింగ్‌కీ తేడా చెప్పండి.”

ఆయన నోరు మూసేలోపే మానిటర్ మీద జవాబు మొదలైంది. అభిలాష్ గొంతు సవరించుకుని చదివాడు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న, పదో ప్రశ్న. ఉల్లిగడ్డల ఆటో మైకు వీధిలో మోగితే ఆమె మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి కిటికీ మూసి వచ్చింది. వచ్చేసరికి అభిలాష్ నీళ్లు నములుతున్నాడు. కూర్చోకుండానే టైప్ చేసింది.

“మీరు రాసిన టెస్ట్ కేసులు ఏవైనా ఉంటే స్క్రీన్ షేర్ చేయండి.”

అభిలాష్ చేయి ఆగిపోయింది. ఏది నొక్కాలో మరిచిపోయాడు. తెర మీద మాటలు పడ్డాయి: ‘భయపడకు. స్క్రీన్ ఒకటి అంటే లాప్‌టాప్. అదే నొక్కు.’

నొక్కాడు. జ్యోతిక నాలుగు రోజులు కూర్చుని రాసిన టెస్ట్ కేసులు మల్లికార్జునరావు నిదానంగా చూశాడు.

“చాలా నీట్‌గా ఉన్నాయండీ. చేయి తిరిగినవాళ్ల పని ఇది.”

“థాంక్యూ సార్,” అన్నాడు అభిలాష్, తెర చూసి.

గోడవార ఉన్న జ్యోతికకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. తన పనిని ఎవరైనా మెచ్చుకుని మూడేళ్లయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, తడి వేళ్లతోనే తర్వాతి జవాబు కొట్టింది.

చివరికి మల్లికార్జునరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

“బావుందండీ. సూటిగా కళ్లలోకి చూసి మాట్లాడారు. మీరు సెలెక్ట్ అయినట్టే. సోమవారం ఆఫర్ లెటర్ వస్తుంది.”

అభిలాష్ నవ్వాడు. జ్యోతిక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇంకో విషయమండీ. మీది మీర్‌పేట్ కదా. రెండో పోస్టుకి జ్యోతిక అని ఒకావిడ రెజ్యూమె ఉంది నా దగ్గర. అడ్రస్ మీదే. ఎక్స్‌పీరియన్స్ బావుంది గానీ, మూడేళ్ల గ్యాప్. ఇంటర్వ్యూకి పిలవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మీకు తెలిసినావిడేనా? ఇప్పుడు చేయగలరంటారా?”

జ్యోతిక కీబోర్డు మీదికి వంగింది. అభిలాష్ చెప్పకుండానే ఆయనే అడిగాడు! గబగబా టైప్ చేసింది.

‘నా వైఫ్ సార్. నాకన్నా బాగా చేస్తుంది.’

ఒక్క క్షణం ఆగింది. మొగుడు చిన్నబుచ్చుకుంటాడేమోనని ‘నాకన్నా’ చెరిపేసింది.

‘నా వైఫ్ సార్. బాగా చేస్తుంది. ఒక్కసారి పిలవండి.’

తలెత్తి చూసింది. అభిలాష్ ముందుకు వంగి, కెమెరాలోకి చూస్తూ తడబడకుండా మాట్లాడుతున్నాడు.

“నా వైఫే సార్. ఎప్పుడో చేసింది, పాపం ఇప్పుడన్నీ మర్చిపోయింది. ఇంటి పనీ, పాప పనే సరిపోతుంది ఆమెకు. వద్దులెండి సార్.”

నలభై నిమిషాల ఇంటర్వ్యూలో రెండో తెర చూడకుండా అభిలాష్ సొంతంగా చెప్పిన జవాబు అదొక్కటే.