ముందు బల్ల మీది ఆమేన్

"పేతురు భయపడిపోయి, యేసు ఎవరో నేనెరగనన్నాడు," అన్నాడు కొత్త బోధకుడు.

"ఆమేన్!" అని అరిచాడు ముందు బల్ల మీది పెద్దాయన.

చర్చి మొత్తం గొల్లుమంది. బోధకుడి ముఖం కందగడ్డయింది.

ఆ పెద్దాయన ఎవరో ఎవరికీ తెలియదు. ఈమధ్యే రావడం మొదలుపెట్టాడు. పేరడిగితే నవ్వుతాడు. ఊరడిగితే చెయ్యి పట్టుకుని ఊపుతాడు. కుర్రకారు మాత్రం ఊరుకుంటారా, 'ఆమేన్ తాత' అని పేరు పెట్టేశారు.

నలుగురి ముందు నోరు విప్పాలంటే బోధకుడికి అసలే గుండె దడ. పీఠమెక్కే ముందు ప్రతిసారీ మోకాళ్లూని, 'ప్రభువా, ధైర్యమియ్యి' అని వేడుకునేవాడు. ఎలాగో ప్రసంగం గట్టెక్కేది. దేవుడు తన మొర విన్నాడనే అనుకున్నాడు. ఈ అరుపులొక్కటే పంటి కింద రాయి.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద పక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, జనం మీ మాటలకంటే ఆయన ఆమేన్ కోసమే ఎదురుచూస్తున్నారు. మిమ్మల్ని ఉంచాలా వద్దా అని వచ్చే ఆదివారం పెద్దలం కూర్చుంటాం. చూసుకోండి మరి."

"నేను చూసుకుంటానండి."

చూసుకున్నాడు. ఆ ఆదివారం మొదటి ఆమేన్ పడగానే ప్రసంగం ఆపేశాడు. అందరూ చూస్తుండగా ముందు బల్లకేసి తిరిగి, పెదాల మీద వేలు పెట్టాడు.

"ఉష్!"

వెనక బల్లల్లో కిసుక్కుమన్నారు.

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. తప్పు చేసిన పిల్లాడిలా అరచేత్తో నోరు మూసుకున్నాడు.

బోధకుడు గొంతు సవరించుకున్నాడు. "అడిగినవాడికి దేవుడు ధైర్యం..."

తర్వాతి మాట రాలేదు. చేతుల్లో కాగితం రెపరెపలాడింది. దిక్కుతోచక ముందు బల్లకేసే చూశాడు.

పెద్దాయన సగం లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు. నోటి మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

ప్రసంగం మధ్యలోనే ముగించి దిగిపోయాడు బోధకుడు. పెద్దలు ఏదీ తేల్చకుండా సమావేశం వాయిదా వేశారు.

ఆ తర్వాత పెద్దాయన మళ్లీ రాలేదు.

ఒక ఉదయం, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ఒకావిడ బోధకుడి తలుపు తట్టింది.

"అయ్యగారూ, నాన్న పోయారు. సమాధి దగ్గర మీరే ప్రార్థన చెయ్యాలన్నారు."

"మీ నాన్నగారెవరమ్మా?"

"ముందు బల్ల మీద కూర్చునేవారు. ఆమేన్ అంటూ."

బోధకుడికి తల కొట్టేసినట్టయింది.

"నా మీద కోపంగా ఉండేవారా అమ్మా?"

"కోపమా? తన వల్ల మీకు ఇబ్బందైందని బెంగపెట్టుకున్నారు."

ఆ మాటకి అతను సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు. బోధకుడు బైబిలు తెరిచాడు. పుస్తకం పట్టుకున్న చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"ఆమేన్," అంది కూతురు మెల్లగా.

బోధకుడు ఉలిక్కిపడ్డాడు. ప్రార్థన ఇంకా మొదలే కాలేదు.

"నాన్న చెప్పి పోయారు అయ్యగారూ. 'ఆ పిల్లాడి చేతులు వణికితే, నేనుండను కాబట్టి నువ్వు ఆమేన్ అను' అన్నారు."

"చేతులు చూసి అనేవారా? నా మాటలకి కాదా?"

"రేకులు కోసే కార్ఖానాలో కొత్తవాళ్ల చేతులు వణికితే పక్కన నిలబడి ధైర్యమివ్వడం నాన్నకి అలవాటు. మాటలంటారా... ఆ మిషన్ల మోతకి నాన్న చెవులు రెండూ పోయి ఎన్నేళ్లయిందో!"