తొర్రలో మిగిలిన బాతుపిల్ల

కొండవాగు ఒడ్డున ఎత్తైన మద్దిచెట్టు, దాని తొర్రలో ఓ మునుగుబాతు కాపురం. నిన్న గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలన్నీ పొద్దున్నే తల్లి కిందనుంచి పిలవగానే టపటపా దూకేశాయి. ఆఖరుదైన చిన్నారి మాత్రం తొర్ర అంచున నిలబడి, కిందికి చూసి, కళ్ళు మూసుకుంది.

"అమ్మా, తిండి పైకి తెచ్చిపెట్టవూ?"

"మన ఇంట ఆ ఆచారం లేదమ్మా. నీళ్ళలో మునిగి ఎవరి చేప వాళ్ళే పట్టుకోవాలి. మీ అమ్మమ్మా ఈ తొర్రలోంచే దూకింది, నేనూ దూకాను."

"దెబ్బ తగల్లేదా?"

"పడ్డాం. లేచాం. నువ్వూ రా, గద్ద చూసేలోగా వీళ్ళని వాగులో దించాలి."

పై తొర్రలోని చిలక ఇక వినలేకపోయింది. "ఇదేం తల్లివి వదినా! రెక్కలైనా రాని పసిదాన్ని దూకమంటావా? నువ్వుండవే తల్లీ, నా పిల్లలతోపాటు నీకూ పెడతాను" అంటూ నమిలిన జామపండు చిన్నారి నోట్లో పెట్టింది.

జారిపోయే చేపను ఒడిసిపట్టమని దేవుడిచ్చిన రంపపు ముక్కు అది. జామపండు ఆ రంపపు పళ్ళ సందుల్లో ఇరుక్కుంది. చిన్నారి మర్యాదకి కాసేపు ఓర్చుకుని, ఉమ్మేసింది. కడుపు మాత్రం మాడుతూనే ఉంది. కింద తల్లి ఆఖరిసారి పిలిచి, వాగువైపు తిరిగింది.

చిన్నారి దూకేసింది. ఎండుటాకుల మీద పడి, బంతిలా ఎగిరి, మళ్ళీ పడి, లేచింది. పరుగున పోయి తల్లి వీపెక్కి, నీళ్ళలోకి సాగుతూ పైకి చూసింది.

"అమ్మా, చిలకత్త పిల్లలు ఎప్పుడు దూకుతారు?"

"రెక్కలొచ్చాక."

"అయ్యో పాపం! అందాకా జామపండేనా?"