ఆవిడ పేరు మీద కారు

తుక్కు యార్డు గేటు ముందు కారు ఆగిపోయింది. అతను ఆపలేదు, అదే ఆగింది.

దిగి వెనక నుంచి నెట్టాడు. కదల్లేదు. లోపలున్న యార్డు యజమాని చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తనూ ఓ భుజం వేశాడు. ఇద్దరూ రొప్పుతూ కారును లోపలికి చేర్చారు. వెనక బంపరు మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది.

“తుక్కు కింద తీసుకోండి. ఎంతిచ్చినా సరే,” అన్నాడు అతను. “కాస్త తొందరగా ముక్కలు చేయించండి.”

యజమాని కారు చుట్టూ తిరిగాడు. ఒళ్లంతా సొట్టలే, కానీ ఆ సొట్టలు కూడా తళతళలాడుతున్నాయి. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. లోపల స్టీరింగు కింద వైర్లు వేలాడుతున్నాయి.

“తాళంచెవి?”

“పోయింది. ఎలాగోలా నెట్టుకొస్తున్నాను.”

“సరే, ఆఫీసు గదిలో కూర్చుందాం రండి. ముందు రిపోర్టు చెయ్యాలి.”

“రిపోర్టు ఎందుకండీ?”

“తుక్కుకొచ్చిన ప్రతి బండి నంబరూ రవాణా ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ తర్వాతే నట్టు విప్పాలి. లేకపోతే ఏమవుతోందంటే, ఎక్కడో కొట్టేసిన బండికి ఈ చచ్చిన బండి నంబరు తగిలించి, కాగితాలతో సహా అమ్మేస్తున్నారు. పక్క వీధి యార్డువాడు ఎక్కించడానికి బద్ధకించాడు. ఇప్పుడు యార్డుకి సీలు, వాడికి కోర్టు.”

అతను గేటు వంక చూశాడు. “నాకు టైము లేదండీ. డబ్బులు కూడా వద్దు, కారు ఉంచేసుకోండి,” అని లేచాడు.

“డబ్బులొద్దన్న మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. కూర్చోండి,” అంటూ యజమాని వెళ్లి గేటుకు తాళం వేసి వచ్చాడు.

నంబరు కొట్టాడు. తెర వంక చూశాడు. అతని వంక చూశాడు.

“బండి ఎవరో ఆడమనిషి పేరు మీద ఉందే.”

అతను తెర వైపు తొంగి చూశాడు. “మా ఆవిడ.”

“అయితే ఆవిడ సంతకం కావాలి. రమ్మనండి.”

“ఫోనెత్తదండీ. అలిగింది.”

“ఇక్కడ నంబరుందిగా, నేను చేస్తాను.”

“వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. ఆవిడ వస్తే నా పని అయిపోయినట్టే.”

యజమానికి జాలేసింది. ఆయనకూ పెళ్లయి చాలాకాలమైంది. కానీ పక్క వీధి యార్డు గుర్తొచ్చి ఫోను తీశాడు.

“అమ్మా, తుక్కు యార్డు నుంచి మాట్లాడుతున్నాను. మీవారు మీ కారును ముక్కలు చేయించడానికి తెచ్చారు.”

“మావారా?”

“అవునమ్మా. మీరు ఒప్పుకుంటేనే ముట్టుకుంటాను.”

అవతల కుట్టు మిషను చప్పుడు టక్కున ఆగింది.

“ఆయన్ని కదలనివ్వకండి. వస్తున్నాను.”

అతను కిటికీ వంక చూశాడు. ఊచలున్నాయి. యజమాని టీ తెప్పించి ధైర్యం చెప్పాడు. “ఎదురు మాట్లాడకండి. తల దించుకుని నిలబడండి. కోపాలు వాటంతటవే చల్లారతాయి. నేను చూడలేదా ఏమిటి.”

ఆవిడ కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కారును చూసింది. తర్వాత అతన్ని, కొలతలు తీసుకుంటున్నట్టు, తల నుంచి కాళ్ల దాకా చూసింది.

“వీరే కదమ్మా మీవారు?” అడిగాడు యజమాని.

అతను తల దించుకున్నాడు.

“ఇంకెవరు?” అందావిడ. “ఈ డొక్కును వదిలించుకుందామని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో. పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు, దీనికి ఆయిలు మార్చే రోజు మాత్రం గుర్తే. వానొస్తే ఆరేసిన బట్టలు తడిసినా ఫరవాలేదు, దీనికి మాత్రం గొడుగు పట్టాలి. ఇవాళ ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో.”

“తప్పయిపోయిందండీ. ఇక జన్మలో ఇలాంటి పని చెయ్యను,” అన్నాడు అతను, నేల చూపులు చూస్తూ.

“చేసిందే ఒక్క మంచి పని. దానికి ఏడుపెందుకు?” అని కసిరి, ఆవిడ యజమాని వైపు తిరిగింది. “ఒకసారి కంప్యూటర్లో ఎక్కిస్తే, ఇది మళ్లీ ఇంటికి రాదు కదా?”

“రాదమ్మా. ఈ నంబరుతో ఇక ఏ బండీ రోడ్డెక్కదు.”

“ఎవరైనా వచ్చి బతిమాలినా?”

“కాళ్ల మీద పడ్డా సరే.”

అప్పటికి గాని ఆవిడ ముఖం విచ్చుకోలేదు. చకచకా సంతకం పెట్టింది. రిపోర్టు వెళ్లింది. దొంగతనం ఫిర్యాదు ఏదీ లేదనీ, అంతా సవ్యంగానే ఉందనీ తెర మీద వచ్చింది. యజమాని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మనుషుల్ని పిలిచాడు. ఇంజను బయటికి వచ్చేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. అతన్నీ కదలనివ్వలేదు.

యజమాని ఇచ్చిన డబ్బు సంచీలో వేసుకుని, అందులోంచి ఒక నోటు తీసి అతని చొక్కా జేబులో పెట్టింది.

“పొద్దుట్నుంచి ఏం తిన్నారో ఏమో. పదండి.”

యజమాని గేటు తీసి, ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళ్తుంటే చెమర్చిన కళ్లతో చూశాడు. “ఆవిడకు నోరెంతో ప్రేమా అంతే,” అనుకున్నాడు.

వీధి మలుపు తిరిగాక ఆవిడ ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది: “ఇంతకీ నువ్వెవరు బాబూ?”