తడి తగలకూడని చోటు

"అమ్మని కాటికి సాగనంపి ఒక్క పూట కాలేదు, అప్పుడే ఉద్యోగమా? నీది గుండేనా, బండరాయా అక్కా?"

చెల్లెలు కాలేజీ ల్యాబ్ తలుపు ధడాలున తోసుకొచ్చింది. గాగుల్స్ బిగించుకున్న అక్క తల తిప్పలేదు. పగిలిన సీసాలోంచి పొటాషియం ముక్కల్ని పటకారుతో తీసి, కొత్త సీసాలోని కిరోసిన్‌లో వేస్తోంది.

"దూరంగా ఉండు. సీసా పగిలి కిరోసిన్ కారిపోయింది. ఎవరో నీళ్లు పోసి కడగబోతుంటే, ఆగమని ఫోన్‌లో అరిచి పరిగెత్తుకొచ్చాను. వీటికి తడి తగిలితే ల్యాబ్ అంటుకుంటుంది."

"అంటుకోనీ! పొద్దుట్నుంచీ చూస్తున్నా, నీ కంట్లోంచి ఒక్క చుక్క రాల్లేదు. అసలు మనిషివేనా?"

"ఇక్కడ ఏడవకు."

"ఏడవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

చెల్లెలు బల్ల మీదికి వంగి అరిచింది. ఆమె కన్నీటి బొట్టు బల్ల మీద రాలి ఉన్న పొటాషియం రజను మీద పడింది. టప్‌మని ఊదారంగు మంట లేచింది.

అక్క ఆమెను రెక్క పట్టుకుని వెనక్కి ఈడ్చి, మంట మీద గుప్పెడు పొడి ఇసుక విసిరింది.

"చెప్తే వినవేం? నీ మొహం కాలితే అమ్మకి ఏం చెప్పుకోను?"

ఆ మాటకి ఇద్దరూ బిగుసుకుపోయారు.

అక్క ఆఖరి ముక్క కూడా కిరోసిన్‌లో వేసి, మూత గట్టిగా బిగించింది. సీసాని బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పుడు గాగుల్స్ తీసింది. వాటి అడుగున నిండిన నీళ్లు ఒక్కసారిగా చెంపల మీదుగా మెడలోకి జారాయి.

"ఇప్పుడు తిట్టవే," అంది.